నేను ఎక్కని పాపికొండల లాంచీ

పాపికొండలు చూసొచ్చినవాళ్లు రాసినవి చాలా ఉన్నాయి. కొండల మధ్య గోదావరి ఎంత సన్నబడుతుందో, లాంచీలో భోజనం ఎలా పెడతారో వాళ్లు చెబుతారు. నేను చెప్పలేను. టిక్కెట్లు కొన్నది నేను, వ్యాను మాట్లాడింది నేను, పదమూడు మందినీ ఒప్పించింది నేను. లాంచీ మాత్రం ఎక్కలేదు. కాకినాడలో బయలుదేరి, రాజమండ్రి వెళ్లి, కడియంలో వారం రోజులుండి, రామచంద్రపురం మీదుగా ఇల్లు చేరిన ప్రయాణం నాది. దారిలో నాకు జరిగిన అమర్యాదలు రాస్తాను, ఎందుకంటే నేను వాటిని మర్చిపోయే మనిషిని కాను. జరిగిన మేలు కూడా రాస్తాను. ఒక్క ప్రయాణంలో అంత మేలు నాకు ఇంతకుముందెప్పుడూ జరగలేదు.

కాకినాడ నుంచి బస్సులో

ఈ ప్రయాణం మా అమ్మ కోసం. అమ్మకు ఎనభై మూడేళ్లు. పెళ్లయిన కొత్తలో పాపికొండల దారిలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో నాలుగేళ్లు పంతులమ్మగా పనిచేసింది. నేను పుట్టింది అక్కడే. ప్రాజెక్టు కోసం ఆ ఊరివాళ్లను ఎప్పుడో ఖాళీ చేయించారు. నీళ్లు ఏటికేడు పైకి వస్తున్నాయి. "పూర్తిగా మునిగేలోపు ఒక్కసారి చూపించండర్రా" అని అమ్మ అడగడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మొదట లాంచీలు ఆపేశారు. తర్వాత కరోనా వచ్చింది. మూడో విడత తగ్గుముఖం పట్టి, లాంచీలు మళ్లీ తిరుగుతున్నాయని తెలిసిన రోజే నేను శనివారానికి టిక్కెట్లు తీసుకున్నాను.

అమ్మ రామచంద్రపురంలో మా తమ్ముడు ప్రభాకర్ దగ్గర ఉంటుంది. తమ్ముడి భార్య విమల. బయలుదేరే ముందు విమల మా ఫ్యామిలీ గ్రూపులో రెండు మెసేజీలు పెట్టింది. మొదటిది: "వ్యానులో సీట్లు సరిపోవడం లేదండి. వదినగారు కాకినాడ నుంచి నేరుగా బస్సులో రాజమండ్రి వచ్చేస్తే బాగుంటుందండి." వ్యాను మాట్లాడిన మనిషికే వ్యానులో చోటు లేదు. రెండోది: "పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి అందరూ టెస్టు చేసుకుని రండి. కాకినాడలో ఇంకా కేసులున్నాయంట." పదమూడు మందిలో కాకినాడ నుంచి వచ్చేది నేనొక్కదాన్నే. పేరు చెప్పకుండా అనడమంటే అదే.

మందుల షాపులో రెండు కిట్లు కొన్నాను. ఇంట్లోనే చేసుకుంటే, బస్సులో అంటుకుని ఉంటుందేమో అనడానికి విమలకు వీలుంటుంది. రాజమండ్రిలో దిగాక చేసుకుని, జబ్బు లేదని చూపే ఒక్క గీత ఫొటో గ్రూపులో పెట్టాలనుకున్నాను. పొద్దున్నుంచీ గొంతు గరగరలాడుతోంది. ముందురోజు తిన్న జామకాయ మీద నెపం వేశాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ఆరోగ్యసూత్రాలు చెప్పిన టీచరు చేయాల్సిన పని కాదు అది.

ద్రాక్షారామంలో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. కూలిపనికి వెళ్లొచ్చే చేతులు. గుడి దగ్గర పెట్టిన పులిహోర ఆకులో కట్టి తెచ్చుకుంది. సగం విడదీసి నా ఒళ్లోకి జరిపింది.

"వద్దమ్మా, మాస్కు తీయకూడదు."

"మాస్కు తీయకూడదా, మా చేతిది తినకూడదా అండీ?" అంది నవ్వుతూనే.

ఇంకోసారైతే ఆ మాటకు జవాబు చెప్పేదాన్ని. ఈసారి మాస్కు ఇంకా పైకి లాక్కుని కిటికీవైపు తిరిగాను. ఆమె మండపేటలో దిగిపోయింది. నేను మాస్కు తీయనందుకు ఇప్పటికీ దేవునికి వందనాలు చెప్పుకుంటాను. నా పక్కన కూర్చోబెట్టుకున్నందుకు ఆమెకు చెప్పాల్సిన క్షమాపణ మాత్రం ఆమెకు చేరదు.

మధ్యలో రామచంద్రపురం వచ్చింది. మా తమ్ముడి వీధి చివరి నుంచే బస్సు పోయింది. అదీ రాసి పెట్టుకున్నాను.

రాజమండ్రి

లాడ్జిలో గోదావరి కనబడే గది అని చెప్పి డబ్బు తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పక్క హోటలు జనరేటరు కనబడింది. ఆ సంగతి తర్వాత తేల్చుకుందామని ముందు కిట్టు విప్పాను.

రెండు గీతలు వచ్చాయి. రెండోది సన్నగా ఉంది. కిట్టులోనే లోపం ఉందనుకుని, ఫిర్యాదు రాయడానికి డబ్బా మీద కంపెనీ చిరునామా వెతికాను. తర్వాత రెండో కిట్టు విప్పాను. ఈసారి రెండు గీతలూ ఒకేలా, ముదురుగా వచ్చాయి.

వాళ్ల వ్యాను బయలుదేరడానికి ఇంకా గంట ఉంది. విమలకు ఫోన్ చేశాను.

"అమ్మ పక్కన ఉందా?"

"లోపల మందులు సర్దుకుంటున్నారండి. ఏంటి వదినా, గొంతు అలా ఉంది?"

"రెండు గీతలు."

"నేను చెప్పాను కదండీ" అంటుందని ఎదురుచూశాను. అనలేదు. "అయ్యో. జ్వరం ఉందాండీ? ఊపిరి బాగానే ఆడుతోందా?" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కరోనా మొదటి విడతలో మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఆస్పత్రికి నడిచి వెళ్లింది, తిరిగి రాలేదు. ముఖం కూడా చూపించలేదు. అప్పట్నుంచీ అమ్మకు ఆ జబ్బు పేరు వింటే చావు కబురు విన్నట్టే. నాకు వచ్చిందని తెలిస్తే లాంచీ ఎక్కదు సరికదా, నేనున్న గది గుమ్మం ముందు కూర్చుంటుంది. మళ్లీ ఎండలు, తర్వాత వరదలు. వచ్చే ఏడాదికి నీళ్లు ఎక్కడుంటాయో, అమ్మ ఎలా ఉంటుందో.

"అమ్మకు చెప్పొద్దు విమలా."

"చెబితే కదలరండి. చెప్పకపోతే మాత్రం, మీరేరీ అంటే ఏమనను? మీరు లేకుండా ఎక్కరు కదండీ."

"అలిగి వెళ్లిపోయిందని చెప్పు. కోపమొస్తే అమ్మ పంతానికైనా ఎక్కుతుంది."

"ఎవరి మీదండీ అలక?"

"నీ మీదే. ఇంకెవరున్నారు?"

"దేనికని చెప్పమంటారు?"

"కారణాలు కరువా నీకు? ఏదో ఒకటి చెప్పు."

"సరేనండి" అంది. "నమ్ముతారంటారా?"

నమ్మింది. పది నిమిషాలకు అమ్మే ఫోన్ చేసింది. "ఏమే సుగుణా, తిక్క తిన్నగా ఉందా లేదా? అరవై దాటాయి నీకు. ముసలిదాని కోరిక కన్నా నీ అలక ఎక్కువైందా? రాకపోతే మానెయ్. నేను వెళ్తున్నాను" అని పెట్టేసింది.

నాకు కావలసింది అదే. అయినా మంచం మీద చాలాసేపు కూర్చుండిపోయాను. నిజమేనా అని ఒక్క మాట అడగలేదు. విన్న వెంటనే నమ్మింది. అందులో అమ్మ తప్పేమీ లేదు. అలిగిన చోటు నుంచి లేచి వచ్చేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

మావాళ్లు దిగేది అదే లాడ్జిలో. వాళ్లు వచ్చేలోపు నేను వెళ్లిపోవాలి. కాకినాడ వెళ్లలేను, మా ఆయనకు గుండెలో స్టెంటు ఉంది. బస్సు మళ్లీ ఎక్కకూడదు. వేరే చోట ఎక్కడైనా గది దొరుకుతుందేమో అడుగుదామని కిందికి దిగి, కౌంటరుకు దూరంగా నిలబడి ఉన్నమాట చెప్పాను. మేనేజరు లేచి నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోకండి మేడమ్ గారండీ. సాయంత్రం పెళ్లివారు దిగుతున్నారండి. తమరు వెంటనే ఖాళీ చేసేస్తే మాకు మేలు చేసినవారవుతారండి."

అంత మర్యాదగా నన్నెవరూ గెంటలేదు. తాళంచెవిని న్యూస్‌పేపరుతో పట్టుకుని తీసుకున్నాడు. గది డబ్బులు మాత్రం వట్టి చేత్తోనే ఉంచేసుకున్నాడు. ఆ ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ఆటోలో ధవళేశ్వరం మీదుగా

లాడ్జి ముందు మూడు ఆటోలున్నాయి. దూరం నుంచే "నాకు కరోనా ఉంది, ఎవరైనా ఎక్కించుకుంటారా?" అని అడిగాను. ఇద్దరు బండి స్టార్టు చేసుకుని పోయారు. మూడో అతను బీడీ పారేసి వచ్చాడు. పేరు నూకరాజు.

"నాకు కిందటి నెలే వచ్చి పోయిందండి. ఇంత తొందరగా మళ్లీ నా మొహం చూడదులెండి. పక్క పరదాలు ఎత్తేస్తాను, ఎక్కండమ్మగారూ. ఎక్కడికి?"

ఎక్కడికో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. అతను తల గోక్కున్నాడు.

"మనుషులు తగలకుండా, గాలి తగిలే చోటు కావాలి. అంతేగా అండీ?" అని ఎవరికో ఫోన్ చేశాడు. "వదినా, పాక ఖాళీయేనా? ఒక పెద్దావిడండి... ఆఁ, అదే జబ్బు... ఒక్కరే..."

కడియం దగ్గర అతని వదినకు మొక్కల నర్సరీ ఉంది. పనివాళ్లు ఉండే పాక ఖాళీగా ఉంది. ఆటోకు ఐదువందలు అడిగాడు. ఎక్కువే. బేరమాడకుండా నేను ఎక్కిన ఆటో అదొక్కటే.

ధవళేశ్వరం దాటాక కాలవగట్టు రోడ్డు. పరదాలు ఎత్తేసిన ఆటోలో గాలి ముఖాన కొడుతుంటే నూకరాజు అద్దంలోంచి కబుర్లు చెప్పాడు. అతనికి వచ్చినప్పుడు అత్తగారు చెరువుగట్టు మీది కొట్టంలో ఉంచి పద్నాలుగు రోజులు కోడిగుడ్లు పెట్టిందట. "అల్లుడికి జరగాల్సిన మర్యాద ఎక్కడున్నా జరగాల్సిందేనండి మా వైపు. ఇప్పుడు గుడ్డు చూస్తే మళ్లీ జ్వరం వస్తుంది" అన్నాడు. ఎదురుగా ఒక తెల్ల వ్యాను వచ్చినప్పుడల్లా నేను తల వంచుకున్నాను. నాలుగో వ్యాను మావాళ్లదే. ముందు సీట్లో అమ్మ, మెడలో మఫ్లరు, ముఖం గంటు పెట్టుకుని. ఒక్క క్షణం. దాటిపోయింది.

కడియం

నర్సరీ గేటు దగ్గర ఒకామె ముఖానికి తువ్వాలు కట్టుకుని నిలబడి ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. పేరు సత్యవతి.

"అక్కడే ఆగండమ్మగారూ. ఆ ఎడమ దారమ్మట తిన్నగా వెళ్లిపోండి. కుడివైపు మొక్కల్ని తాకొద్దు."

నమస్కారం లేదు, కూర్చోండి లేదు. తడికెల పాక శుభ్రంగా ఉంది. నులకమంచం, కొత్త చాప, కుండలో నీళ్లు. పక్కన ఆకుపచ్చ వల కట్టిన పందిరి, దాని కింద పూనా నుంచి లారీలో దిగిన మొక్కలు. వాటి చుట్టూ సున్నంతో గీత గీశారు. ఆ గీత నా పాకను కూడా కలుపుకుని తిరిగింది.

ఆ సాయంత్రం అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలు తోముకున్నాక, నాకు అన్నం వచ్చింది. మర్నాడు పొద్దున అందరూ దిబ్బరొట్టెలు తిన్న అరగంటకు నాకు దిబ్బరొట్టె వచ్చింది. అరచెయ్యి మందాన, అడుగు ఎర్రగా వేగి, పక్కన బెల్లం పానకం. చూడ్డానికి వంక పెట్టలేను. కానీ పంక్తిలో చివర వడ్డించడం నేను ఎక్కడా సహించలేదు. గీతకు అవతల నిలబడ్డ సత్యవతితో ఆ మాట అనేశాను.

"అందరి తర్వాత పెట్టడం మీ పద్ధతా అమ్మా?"

ఆమె తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వింది.

"మా పద్ధతేనండి. కొత్తగా దిగిన మొక్కని పది రోజులు దేంతోటీ కలపం. ఏ పురుగు పట్టుకొచ్చిందో తెలీదు కదండీ. తోటంతా తడిపేసి, ఆఖర్న దాని దగ్గరికెళ్తాం. దాన్ని ముట్టుకున్నాక కాళ్లూ చేతులూ కడుక్కుని ఇంటికే, మళ్లీ తోటలోకి వెళ్లం. ముందు దాన్ని ముట్టుకుని తర్వాత పాత మొక్కల్ని ముట్టుకుంటే తోట పోతుందండి. మా మావగారి రోజుల నుంచీ అంతే. మిమ్మల్ని చిన్నచూపు చూసి కాదండి."

పనులన్నీ అయ్యాక చివరికి నా దగ్గరికి వస్తుంది కాబట్టే ఆమెకు తొందర ఉండదు. గీతకు అవతల పీట వేసుకుని, నేను తినేదాకా కూర్చుంటుంది. జ్వరం చూసుకోమని థర్మామీటరు, ఆక్సిజన్ చూసే మిషను నూకరాజు చేత తెప్పించింది. పంక్తిలో మొదట తిన్నవాళ్లెవరి దగ్గరా ఆమె అలా కూర్చోలేదు.

ఇంకో పొరపాటు కూడా నాదే. మొదటి రోజు నుంచీ కూరలో ఉప్పు లేదన్నాను. రెండో పూట కొంచెం వేసింది. మూడో పూట కూడా చాలదన్నాను. నాలుగో పూట ఆమె భర్త వీర్రాజు తోట అవతలి నుంచి కేకేశాడు: "టీచరుగారండీ, మీకింకా చప్పగానే ఉందాండీ? మేం సముద్రం తాగుతున్నామండి ఇక్కడ!" నాకోసం వేరే వండటం మర్యాద కాదని ఆ ఇంట్లో ఒకే కూర వండుతున్నారు. రుచి పోయింది నా నాలుకకు. రెండు రోజులు ఇంటిల్లిపాదీ ఆ ఉప్పు తిన్నారు, నన్నొక్క మాట అనకుండా.

లాంచీ వెళ్లిన రోజు

శనివారం పొద్దున ఏడింటికి విమల మెసేజ్ పెట్టింది: "ఎక్కామండి." ఆ తర్వాత పైన సిగ్నల్ ఉండదు. ఒళ్లంతా నొప్పులతో నులకమంచం మీద పడుకుని, ఇప్పుడు ఎక్కడుంటారు, ఇప్పుడు ఏ మలుపు అని లెక్కపెట్టుకున్నాను. ఆ ఊరు లాంచీకి ఏవైపు వస్తుందో అమ్మకు నేనైతే చెప్పగలిగేదాన్ని. ఆ వైపు సీటు కోసం పోట్లాడేదాన్ని. నేను పోట్లాడకపోతే అమ్మను ఏ మూల కూర్చోబెడతారో. లాంచీ ఆ ఊరి దగ్గర ఆగదు. అరనిమిషంలో దాటిపోతుంది. అమ్మకు చూపు సరిగా ఆనదు. అంత కష్టపడి పంపించి, చూడకుండానే తిరిగొస్తుందేమో.

సత్యవతి ఆ రోజు పీట కాస్త దగ్గరికి వేసుకుంది. సంగతంతా చెప్పాను. "మీ మరదలు ఉందిగా అండీ పక్కన" అంది. అదే నా భయమని ఆమెతో అనలేదు.

చీకటి పడే వేళకు ఫోన్ మోగింది. రెండే ముక్కలు. "అత్తయ్యగారు చూశారండి."

ఆ తర్వాత వారం అమ్మ నా ఫోన్ ఎత్తలేదు. నాకు పూర్తిగా తగ్గేదాకా నిజం చెప్పొద్దని విమలతో అనుకున్నాం. ఎనిమిదో రోజు టెస్టులో ఒక్క గీత వచ్చింది. బయలుదేరేటప్పుడు సత్యవతి తిండికి ఎంతయిందో చెప్పింది, నేను ఇచ్చాను. పాకకు తీసుకోలేదు. "మొక్క బతికితే చాలండి" అంది. నేను మొదటిసారి సున్నం గీత దాటి ఆమె చేతులు పట్టుకున్నాను.

రామచంద్రపురం

తమ్ముడు ఆఫీసుకు వెళ్లాడు. అమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

"పదకొండేళ్లు కడుపులో పెట్టుకున్నావు చూడు ఆ ఫొటో సంగతి. ఎంత పంతమే నీది!"

"ఏ ఫొటో?"

"అదుగో" అని గోడవైపు చూపించింది.

ఈ ఇల్లు కట్టినప్పుడు కొత్తింటి ప్రార్థన రోజున తీసిన ఫొటో అది. అందరూ ఉన్నారు, పాస్టరుగారు సహా. నేను లేను. ఫొటో తీసే ముందు విమల తన చేతిలో ఉన్న సంచులు నాకిచ్చి, "కాస్త పట్టుకోండి వదినా, ఇప్పుడే వస్తాను" అంది. నేను వరండాలో పట్టుకుని నిలబడ్డాను. లోపల ఫొటో తీసేశారు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా. ఎన్ని ఆఫీసులకు ఎన్ని ఫిర్యాదులు రాశానో, ఇదొక్కటి మాత్రం నోటితో చెప్పలేకపోయాను.

విమల వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏదో ఒకటి చెప్పమన్నారు కదండీ. అబద్ధం చెబితే అత్తయ్యగారు పట్టేస్తారు. అందుకని నిజంగా ఉన్నదే చెప్పాను."

"నీకు తెలుసా?"

"ఫ్రేము కట్టించి తెచ్చిన రోజునే అందులో మీరు లేరని చూశానండి. మీరు అడుగుతారేమో, అప్పుడు క్షమించమందాం అనుకున్నాను. మీరు అడగలేదు. నాకు భయమేసి ఊరుకున్నాను."

"లాంచీ అంతా తిట్టాను దీన్ని" అంది అమ్మ. "అందరి ముందూ. నా కూతుర్ని బయట నిలబెట్టి ఫొటో తీయించుకున్నావా అని. పల్లెత్తు మాటనలేదు."

అప్పుడు నేను చెప్పాను. అలగలేదని, రెండు గీతలని, పాకలో ఉన్నానని. అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. లేచి వచ్చి నా నుదురు, మెడ, వీపు తడిమి చూసింది.

"పోయిందా?"

"పోయిందమ్మా."

కాసేపటికి విమలవైపు తిరిగింది. "అయితే వారం రోజులు నిన్ను ఊరికే తిట్టానా?"

"ఊరికే ఏం కాదులెండి అత్తయ్యగారూ. ఫొటో సంగతి నిజమేగా" అంది విమల.

అమ్మ కళ్లు తుడుచుకుని నాకు ఊరి సంగతి చెప్పింది. బడి లేదట. రేవు మెట్లు మూడు నీళ్లపైకి ఉన్నాయట, మిగతావి కింద. విమల ముందే వెళ్లి లాంచీ నడిపే సరంగును బతిమాలితే, ఆ మెట్ల దగ్గర లాంచీని బాగా నెమ్మది చేశాడట. "బట్టలుతికిన మెట్లేనే. నువ్వు పుట్టిన వారానికి నిన్ను ఎత్తుకుని దిగిన మెట్లు. చూశాను. కళ్లారా చూశాను" అంది.

విమల ఫోను తెచ్చి ఫొటోలు చూపించింది. నలభైకి పైనే ఉన్నాయి. తమ్ముడు, పిల్లలు, చుట్టాలు, అమ్మ. చివరి దాకా చూశాను.

"ఒక్కదాంట్లోనూ నువ్వు లేవేంటి?"

"సంచులు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదండీ" అని అన్నం వడ్డించడానికి వెళ్లిపోయింది.

ఫోను నా చేతిలోనే ఉంది. మళ్లీ మొదటి నుంచి చూశాను. రేవు మెట్ల దగ్గర తీసిన ఫొటోలో అమ్మ లాంచీ ఊచ మీదికి వంగి వేలు చూపిస్తోంది. పడిపోకుండా ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకానే కనబడుతుంది. రెండు ఆకుపచ్చ గాజులు, మణికట్టుకు తగిలించుకున్న నాలుగు సంచులు.

అదే నాకు పంపించమన్నాను. కాకినాడలో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. అందులో ఉన్నది ఎవరెవరని అడిగినవాళ్లకు, అమ్మ పేరుతోపాటు విమల పేరు కూడా చెబుతున్నాను.